ఇంటి గుట్టు, ఆమె ఏకాంతం

ప్రగతినగర్‌లో మేముండే అపార్ట్‌మెంటు సెల్లార్‌లో ఒక ఆదివారం ఉదయం కొందరు యువకులు కాలనీవాళ్లకోసం చిన్న క్లాసు పెట్టారు. అందరూ హైటెక్ సిటీ వైపు కంపెనీల్లో పనిచేసేవాళ్లే. కంప్యూటర్ వాళ్లకి ఉద్యోగమే కాదు, ఇష్టం కూడా. సెలవురోజు నిద్ర మానుకుని, ప్లాస్టిక్ కుర్చీలు తామే వేసుకుని, ఫోన్‌లో ఏ యాప్‌కి ఏ అనుమతి ఇవ్వకూడదో, లొకేషన్ ఎలా ఆపాలో, వాట్సాప్‌కీ సిగ్నల్‌కీ తేడా ఏమిటో, పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ ఎలా వేసుకోవాలో ఓపిగ్గా చెప్పారు. మధ్యమధ్యలో వాళ్లలో వాళ్లే వాదించుకున్నారు. గూగుల్ లేకుండా ఫోన్ వాడటం సాధ్యమేనని ఒకరు, అదంతా ఆదర్శమని ఇంకొకరు. వినడానికి ఉత్సాహంగానే ఉంది.

చివర్లో ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అడిగారు. మా సందు చివర కర్రీ పాయింట్ నడిపే ఆవిడ లేచింది. "నా ఫోన్ సిమ్ము మా ఆయన పేరు మీదుంది బాబూ. కొట్లో స్కానర్ కూడా ఆయన అకౌంటుకే. డబ్బులొచ్చాయని పెట్టె అరుస్తుంది గానీ మెసేజి ఆయన ఫోనుకే పోతుంది. ఫోను తెరిచే నంబరు కూడా ఆయనే పెట్టాడు. మారుస్తే ఎందుకు మార్చావంటాడు. దీనికేమన్నా ఉందా?"

కుర్రాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వాళ్లలో పెద్దవాడు మర్యాదగానే అన్నాడు, "అది టెక్నికల్ ప్రాబ్లం కాదాంటీ, ఫ్యామిలీ మేటర్." అందరూ నవ్వారు. ఆవిడా నవ్వి కూర్చుంది. ఆ నవ్వులో నేనూ ఉన్నాను.

ఈ వ్యాసం ఆ జవాబు గురించి. సాహిత్యం చదువుకున్న నాకు ఒక మాట ఎక్కణ్ణించి వచ్చిందో, దేన్ని దాస్తోందో వెతకడం అలవాటు. "ఫ్యామిలీ మేటర్" అన్నమాట ఆ అబ్బాయి సొంతం కాదు. అది అతనికి అతని సాంకేతిక విద్యనుంచీ, మన చట్టాలనుంచీ, మన భాషనుంచీ కూడా వచ్చింది.

ముందు సాంకేతికం. కంప్యూటర్ భద్రత గురించి మాట్లాడేవాళ్లకు 'థ్రెట్ మోడల్' అనే మాట ఉంది. మనకు ముప్పు ఎవరినుంచి, వాళ్లదగ్గర ఏ సాధనాలున్నాయి అని ముందుగా వేసుకునే లెక్క. ఆ ఆదివారం వేసిన లెక్కలో ఇద్దరు శత్రువులున్నారు: మన సమాచారం అమ్ముకునే కంపెనీ, మనమీద నిఘా పెట్టే రాజ్యం. రెండూ నిజమైన ముప్పులే. దేశమంతటా 2021 జనవరిలో వాట్సాప్ కొత్త షరతులు చూసి భయపడి జనం సిగ్నల్‌కి మారింది కంపెనీ భయంతోనే. కానీ ఆ లెక్కలో మూడో మనిషి లేడు. పక్కన పడుకునేవాడు, నిద్రపోతున్న భార్య వేలు ఫోన్‌కి ఆనించి తెరవగలిగినవాడు, ఆమె స్నానానికి వెళ్లిన ఐదు నిమిషాల్లో ఆమె వాట్సాప్‌ని తన కంప్యూటర్‌కి కలుపుకోగలిగినవాడు. వాట్సాప్ సందేశాలు 2016 నుంచి ఈ కొసనుంచి ఆ కొసదాకా సంకేతభాషలోనే వెళ్తున్నాయి. మధ్యలో ఎవరూ చదవలేరు. నిజమే. కానీ కొసలో ఉన్న ఫోన్ ఎవరి చేతిలో ఉంది? ఆ ప్రశ్న గణితానికి అందదు.

ఈ లోపం మన కాలనీ కుర్రాళ్లది కాదు. వాళ్లు ఆరాధించే సిద్ధాంతంలోనే ఉంది. 1983 సెప్టెంబరులో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి అది పునాది. ఆ ఉద్యమం తర్వాత నాలుగు స్వేచ్ఛల్ని నిర్వచించుకుంది. ప్రోగ్రామర్ల పద్ధతిలో లెక్క సున్నాతో మొదలవుతుంది. సున్నా స్వేచ్ఛ: ప్రోగ్రామ్‌ని ఏ ప్రయోజనానికైనా నడుపుకోవచ్చు. మిగతావి దాన్ని చదివి మార్చుకోవడం, పంచుకోవడం, మార్చినదాన్ని పంచుకోవడం. జ్ఞానాన్ని ప్రైవేటు ఆస్తిగా చేయకూడదన్న ఈ వాదన గొప్పది. దాన్ని నేను తక్కువ చేయను. కానీ విమర్శకురాలిగా ఆ పాఠాన్ని మళ్లీ చదివితే దాని నాయకుడు ఒక్కడే అని తెలుస్తుంది. అతనికొక యంత్రముంది, అది అతనిది, అతనికీ యంత్రానికీ మధ్య కంపెనీ వచ్చింది, దాన్ని తోసెయ్యాలి. అతనికి ఇల్లు లేదు, ఇంట్లో ఇంకో మనిషి లేదు. "ఏ ప్రయోజనానికైనా" అన్నప్పుడు భార్య కదలికలు కనిపెట్టడమూ ఒక ప్రయోజనమే కదా అని ఆ వాక్యం అడగదు. యూజర్‌కి మన తెలుగు వికీపీడియావాళ్లు 'వాడుకరి' అనే చక్కని మాట వాడుతున్నారు. వాడటం నుంచి పుట్టిన మాట, లింగభేదం లేదు. అయినా ఈ సాహిత్యం చదువుతుంటే నాకు అందులో మొదటి రెండక్షరాలే వినిపిస్తాయి: వాడు.

స్వేచ్ఛని అలా నిర్వచించిన స్టాల్‌మన్, ఎప్‌స్టీన్ కేసులో బాధితురాలి గురించి చేసిన వ్యాఖ్యలపై నిరసన వచ్చి 2019 సెప్టెంబరులో తన పదవులకు రాజీనామా చేశాడు. 2021లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ బోర్డులోకి తిరిగొచ్చాడు. అతని తప్పుతో ఉద్యమాన్ని కొట్టెయ్యడం నా ఉద్దేశం కాదు. 'ఎవరి స్వేచ్ఛ' అన్న ప్రశ్న ఆ ఉద్యమంలోనూ స్త్రీలే లేవనెత్తవలసి వచ్చిందని గుర్తుచేయడమే.

మన దగ్గర ఆ ఉద్యమం 2005లో మొదలైంది. దానికి పెట్టుకున్న పేరు 'స్వేచ్ఛ'. తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసి, ఇంగ్లీషు రానివాళ్లకి కంప్యూటర్ పరాయిది కాకూడదని పనిచేసినవాళ్లు వీళ్లు. ఆ కృషిపట్ల నాకు గౌరవముంది. కానీ ఆ పేరు వినగానే మన పాఠకులకి గుర్తొచ్చేది ఇంకొకటి కదా. వాళ్లకంటే 18 ఏళ్ల ముందు, 1987లో, ఓల్గా నవల 'స్వేచ్ఛ' వచ్చింది. పుట్టింట్లో దొరకని స్వేచ్ఛ ప్రేమించి చేసుకున్న పెళ్లిలో దొరుకుతుందనుకుంటుంది అరుణ. దొరకదు. ఆ భర్త దుర్మార్గుడు కాదు. అందరిలాంటివాడే. అదే ఆ నవల బలం. అప్పట్లో దానిమీద అంత గొడవ జరగడానికి కారణం కూడా అదే. కొట్టని, తిట్టని భర్తని వదలడమేమిటని అడిగారు. ప్రతి అడుగుకీ లెక్క చెప్పవలసిరావడం కూడా బంధనమేనని ఆ నవల జవాబిచ్చింది. ఎక్కడికెళ్లావు, ఎవరితో మాట్లాడావు, ఎందుకు ఆలస్యమైంది? ఈ ప్రశ్నలిప్పుడు నోటితో అడగనక్కర్లేదు. ఫోన్ అడక్కుండానే చెప్పేస్తుంది. రెండు 'స్వేచ్ఛ'లూ ఒక ఊళ్లో, ఒక భాషలో ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛ గురించి మాట్లాడేవాళ్లు ఆ నవల చదివి ఉంటే కర్రీ పాయింట్ ఆవిడ ప్రశ్న తమ ప్రశ్నేనని గుర్తుపట్టేవాళ్లని నా నమ్మకం.

ఇక భాష. ప్రైవసీకి తెలుగేమిటి? 'గోప్యత' అని పత్రికలు రాస్తున్నాయి. అది కోర్టులకోసం తయారైన మాట. మన ఇళ్లలో వాడే మాట 'గుట్టు'. ఇంటి గుట్టు లంకకు చేటు. గుట్టుగా సంసారం చేసుకోవాలి. సంసారం గుట్టు రచ్చకెక్కించకూడదు. గమనించండి, గుట్టు ఎప్పుడూ ఇంటిదే, సంసారానిదే. దాన్ని కాపాడే బాధ్యత ఆడదానిది. కానీ ఆమెకంటూ సొంత గుట్టు ఉంటే ఆ మాటే మారిపోతుంది. దాపరికం అవుతుంది, చాటుమాటు వ్యవహారం అవుతుంది, దొంగబుద్ధి అవుతుంది. "నా దగ్గర దాచడానికేముంది?" అన్నది మంచి భార్య లక్షణం. కొత్తగా పెళ్లయినవాళ్లు పాస్‌వర్డులు పంచుకోవడం ప్రేమకి గుర్తు. వర్జీనియా ఉల్ఫ్ 1929లో స్త్రీకి తనదైన గది కావాలంది, ఆ గదికి గొళ్లెం కావాలంది. మన భాష ఇంటికి గొళ్లెం ఇచ్చింది, ఆమెకివ్వలేదు.

ఇక్కడే స్త్రీవాదులకి ఒక చిక్కుంది. దాన్ని దాటవేయకూడదు. మనం ఇన్నేళ్లూ చేసింది ఇంటి గుట్టు బద్దలు కొట్టడమే. వ్యక్తిగతమైనదంతా రాజకీయమే అన్నాం. వరకట్న హత్యలు ఇంటి విషయాలు కావని హైదరాబాద్ వీధుల్లో స్త్రీశక్తి సంఘటన వంటి సంస్థలు ప్రచారం చేశాయి. ఆ పోరాటాల ఫలితంగానే 1983 డిసెంబరులో 498-ఎ సెక్షన్ వచ్చింది. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్. ప్రైవసీ అనేది మగవాడు తన ఇంట్లో తనకిష్టమైనట్టు ఉండే హక్కేనని కాథరిన్ మెకినన్ వంటివాళ్లు హెచ్చరించారు. తలుపులు తెరవమన్న మనమే ఇప్పుడు తలుపు వేసుకునే హక్కు అడగొచ్చా?

అడగొచ్చని మన హైకోర్టే చెప్పింది, అదే ఏడాది. సినీనటి సరిత కాపురానికి రావాలని ఆమె భర్త దావా వేశాడు. హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ అతనికా అవకాశం ఇస్తుంది. 1983 జూలైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి ఆ సెక్షనే రాజ్యాంగ విరుద్ధమన్నారు. ఇష్టంలేని స్త్రీని కాపురానికి పంపడమంటే ఆమె శరీరం మీద నిర్ణయాన్ని ఆమెనుంచి తీసుకుని రాజ్యానికివ్వడమేనని, అది ఆమె ఏకాంత హక్కును కాలరాస్తుందని అన్నారు. కాగితం మీద ఆ సెక్షన్ ఇద్దరికీ సమానమే అయినా భారం మోసేది స్త్రీయేనని కూడా గుర్తించారు. ప్రైవసీ ఇంటిది కాదు, దంపతులది కాదు, ఆమెది. గుట్టుకీ ఏకాంతానికీ ఉన్న తేడా అదే. 498-ఎ ఇంటి గుట్టుని బద్దలు కొట్టింది, సరిత తీర్పు ఆమె ఏకాంతాన్ని నిలబెట్టింది. రెండూ పరస్పర విరుద్ధాలు కావు, ఒకే పనికి రెండు చేతులు. స్టాల్‌మన్ యంత్రం స్వేచ్ఛ గురించి ప్రకటించిన సంవత్సరం కూడా ఇదే. ఎక్కడో అమెరికాలో అన్న మాట మన కుర్రాళ్లకి కంఠస్థం. మూసీ ఒడ్డున అన్న మాట మనకే గుర్తులేదు.

మర్చిపోవడానికి కారణం లేకపోలేదు. అదే ఏడాది నవంబరులో ఢిల్లీ హైకోర్టు సరిత తీర్పుని తప్పుబట్టింది. ఇంటి ఏకాంతంలో, వైవాహిక జీవితంలో రాజ్యాంగపు 14, 21 అధికరణాలకి చోటులేదంది. 1984లో సుప్రీంకోర్టు ఢిల్లీ వైపే మొగ్గింది. అంటే, ఫ్యామిలీ మేటర్.

అయినా మన హైకోర్టు ఆ దారిని పూర్తిగా వదల్లేదు. అమెరికాలో ఉండగా భార్య తన తల్లిదండ్రులతో, స్నేహితులతో ఫోన్‌లో మాట్లాడినవన్నీ ఆమెకు తెలియకుండా ఒక భర్త రికార్డు చేశాడు. విడాకుల కేసులో ఆ హార్డ్‌డిస్క్‌ని సాక్ష్యంగా తెచ్చాడు. ఆ మాటలు నిజంగా ఆమెవే అయినా సరే, అలా రికార్డు చేయడం ఆమె ప్రైవసీ హక్కుకి భంగమని, ఆ సాక్ష్యం చెల్లదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2007లో చెప్పింది. సాఫ్ట్‌వేర్ వీసాల మీద వెళ్లిన వేలాది తెలుగు ఇళ్ల కథ అందులో ఉంది. పరాయి దేశంలో అమ్మతో మాట్లాడుకునే ఒక్క ఫోనే ఏకాంతమైన స్త్రీలు వీళ్లు. ఇక్కడొక పోలిక చెప్పాలి. 1986లో వచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' కూడా రికార్డు చేసిన మాటల్లోంచి పుట్టిన పుస్తకమే. తెలంగాణ పోరాటంలో పనిచేసిన స్త్రీలు ఎదురుగా ఉన్న స్త్రీలతో, తెలిసి, తమ ఇష్టంతో మాట్లాడారు. ఆ గొంతులు చరిత్ర అయ్యాయి. హార్డ్‌డిస్క్‌లోని గొంతు నేరారోపణ అయింది. యంత్రం రెండు చోట్లా చేసేది ఒకే పని. మీట ఎవరు నొక్కారు, ఎవరికి తెలిసి నొక్కారు అన్నదే తేడా.

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ప్రైవసీ ప్రాథమిక హక్కేనన్నారు. సాంకేతిక ఉత్సాహులు దాన్ని పండగ చేసుకున్నారు. ఆధార్ మీద పోరాడినవాళ్లకి అది ఆయుధమైంది. కానీ ఆ తీర్పులో స్త్రీవాద విమర్శ గురించి కూడా చర్చ ఉందని, ప్రైవసీని పితృస్వామ్యానికి తెరగా వాడకూడదన్న హెచ్చరిక ఉందని చెప్పేవాళ్లు తక్కువ. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. రాజ్యానికి అది ఇచ్చిన మినహాయింపుల మీద బోలెడు చర్చ జరిగింది, జరగాలి కూడా. ఇంకో మినహాయింపు గురించి మాత్రం అంతగా మాట్లాడలేదు. ఒక వ్యక్తి సొంత లేదా గృహ అవసరాలకోసం వాడే సమాచారానికి ఈ చట్టం వర్తించదు. పెళ్లి పిలుపుల జాబితాకి లైసెన్సు అడగకూడదు కాబట్టి ఆ మినహాయింపులో న్యాయముంది. కానీ భర్త భార్య మెసేజిలు చదవడం 'గృహ అవసరం' అవుతుందా కాదా అన్నది చట్టం చెప్పలేదు. కంపెనీ దగ్గర మన హక్కులేమిటో చెప్పిన చట్టం, గుమ్మం దగ్గర చెప్పులు విప్పి బయటే నిలబడింది.

2025 జూలై 14న సుప్రీంకోర్టు మరో మాట చెప్పింది. భార్యకి తెలియకుండా భర్త తమ సంభాషణల్ని రికార్డు చేసినా, విడాకుల కేసులో దాన్ని సాక్ష్యంగా తీసుకోవచ్చంది. ఇది నిఘాని ప్రోత్సహిస్తుందన్న వాదనకి, ఒకరిమీద ఒకరు నిఘా పెట్టుకునేదాకా వచ్చిందంటే ఆ పెళ్లి అప్పటికే బీటలువారినట్టే అని జవాబిచ్చింది. 2007 కేసులో భార్య మూడోవ్యక్తులతో మాట్లాడిన మాటలు, ఇక్కడ దంపతుల మధ్య మాటలు. తేడా ఉంది. ఇంకొకటి కూడా నిజాయితీగా ఒప్పుకోవాలి. నాలుగ్గోడల మధ్య తిట్లూ బెదిరింపులూ పడే స్త్రీకి ఆ రికార్డింగే ఏకైక సాక్షి కావచ్చు. ఈ తీర్పు ఆమెకీ పనికొస్తుంది. అందుకే దీన్ని చెడ్డదని ఒక్కమాటలో కొట్టెయ్యలేను. కానీ పెళ్లి బీటలువారిందనడానికి నిఘాని గుర్తుగా తీసుకోవడం దగ్గర నాకు అభ్యంతరం. మన సమాజంలో భార్యమీద నిఘా బీటలువారిన పెళ్లికే గుర్తు కాదు, చక్కగా నడుస్తున్న పెళ్లికి కూడా గుర్తే. కర్రీ పాయింట్ ఆవిడ పెళ్లి బీటలువారలేదు. అది నడుస్తున్నదే అలా.

రక్షణ పేరుతో వచ్చే నిఘాది ఇంకో కథ. 2014 అక్టోబరులో షీ టీమ్స్ వచ్చాయి. ఆ తర్వాత పోలీసుల హాక్ ఐ యాప్ వచ్చింది. ప్రయాణంలో ఎక్కడున్నామో పోలీసులకి తెలిస్తే భద్రమని మన అమ్మాయిలు దాన్ని ఫోన్లలో వేసుకున్నారు. 2024లో ఆ యాప్ సమాచారం దొంగిలించి అమ్మకానికి పెట్టాడని పోలీసులే ఒక విద్యార్థిని అరెస్టు చేశారు. భద్రతకోసం ఇచ్చిన వివరాలే బజారుకెక్కాయి. ఆడపిల్ల ఎక్కడుందో ఎవరికో ఒకరికి ఎప్పుడూ తెలిసి ఉండాలన్న పాత నియమాన్నే ఈ యాప్‌లన్నీ కొత్త భాషలో చెబుతున్నాయి. నాన్న, అన్న, భర్త, పోలీసు, సర్వర్. జాబితా పొడుగవుతోంది తప్ప అందులో ఆమె పేరు చేరడం లేదు.

ఇంతవరకూ మనల్ని మనం బాధితుల వైపే నిలబెట్టుకున్నాం. మా అపార్ట్‌మెంటు గేటు దగ్గర ఒక యాప్ ఉంది. పనికొచ్చే స్త్రీలు వచ్చిన నిమిషం, వెళ్లిన నిమిషం అందులో పడతాయి. మా ఇంటికి రాకముందు ఏ ఫ్లాటులో ఉందో నా ఫోన్‌లో కనిపిస్తుంది. ఆమెకి నేను నక్షత్రాలు కూడా ఇవ్వచ్చు. నాకామె ఇవ్వలేదు. ఒకరోజు ఒంట్లో బాగాలేదని చెప్పి మానేసిన మనిషి పై అంతస్తులో పనిచేస్తోందని చూసి నేను కోప్పడ్డాను. రెండిళ్ల పని చేయలేని రోజున ఏ ఇల్లు మానాలో ఎంచుకునే హక్కు ఆమెకి లేదా? నాకు ఒంట్లో బాగాలేదని కాలేజీకి ఫోన్ చేసిన రోజుల్లో నేనెక్కడున్నానో ఎవరూ చూడలేదు. థ్రెట్ మోడల్‌లో మూడో మనిషి లేడని కుర్రాళ్లని తప్పుపడుతున్నాను కదా. ఆ పనిమనిషి లెక్కలో మూడో మనిషిని నేనే.

కుర్రాళ్లకి నేను చెప్పదలచుకున్నది ఇంతే. మీ క్లాసు లినక్స్‌తో కాదు, ఒక ప్రశ్నతో మొదలుపెట్టండి: ఈ ఫోన్ ఎవరి పేరు మీదుంది? దాంతోపాటు సిమ్ము ఎవరిది, అకౌంటు ఎవరిది, ఓటీపీ ఎవరికొస్తుంది అనీ అడగండి. వాట్సాప్ ఇంకే పరికరాలకి కలిసి ఉందో చూసుకోవడం నేర్పండి. అయితే తాళం మార్చడమే ప్రమాదమయ్యే ఇళ్లున్నాయి. అక్కడ పాస్‌వర్డ్ మార్చమనే సలహా దెబ్బలకి దారితీయొచ్చు. కాబట్టి సలహా ఇచ్చేముందు అడగండి, వినండి. అది టెక్నికల్ ప్రాబ్లం కూడా. మీరు తయారుచేసే ప్రతి స్క్రీనూ ఒక ఇంట్లోకే వెళ్తుంది.

పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో ఒక గృహిణి ఇల్లలుకుతూ అలుకుతూ తన పేరు మర్చిపోతుంది. ఊరంతా వెతికితే చివరికి ఒక స్నేహితురాలు ఆ పేరు గుర్తుచేస్తుంది. క్లాసయిన కొన్ని వారాలకి కర్రీ పాయింట్ ఆవిడ మా ఇంటికొచ్చింది. తన పేరుమీద సిమ్ము తీసుకుందట, బ్యాంకు అకౌంటు తెరవాలట, మెయిల్ ఐడీ కావాలన్నారట. ఏ పేరుతో పెడదామండీ అన్నాను. ఇంట్లో పిలిచే పేరా, ఆధార్‌లో పేరా, ఇంటిపేరు పుట్టింటిదా అత్తింటిదా అని కాసేపు ఆలోచించింది. బడిలో రాసుకున్న పేరు చెప్పింది. ఆ పేరు అప్పటికే ఎవరో తీసేసుకున్నారు. పక్కన పుట్టిన సంవత్సరం చేర్చాం.

పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు నేను కిటికీవైపు తిరిగాను.

"మీరు చూడొచ్చు మేడం, మీ దగ్గర దాచేదేముంది?"

"వద్దండీ, కొట్టండి" అన్నాను. ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ చాలాసేపు కొట్టింది. అయిపోయిందని ఆవిడ చెప్పేదాకా నేను అటే చూస్తూ ఉన్నాను.